భీమిలీ, మా బండల పుట్టింటి చుట్టమా!

భీమిలీ! గోస్తని గలగలా వచ్చి కడలి కౌగిట్లో కరిగే కడపటి రేవా! అలల అందెలు కట్టుకుని, నురగల చెంగు నేలకు జారవిడిచి, ఉప్పుగాలికి ఊగే ఊరా! నీళ్లకు మొగం వాచిన సీమ నుంచి వచ్చినాను. బేతంచెర్లవాణ్ని. మాకు గోడ బండ, గచ్చు బండ, ఇంటి కప్పు బండ, చేని గట్టున పాతిన కడీ బండ. నాపరాయి మీదే పాకినాను, నాపరాయి మీదే పలక పెట్టి అక్షరాలు దిద్దినాను. గనుల దుమ్ము మా గాలి, సున్నపురాతి మీద పడి ఎగిరే ఎండ మా వెలుగు. అట్లాంటివాణ్ని తెల్లారేసరికి నీ గట్టున నిలబెట్టి, ఇంత నీలాన్ని ఒక్కసారిగా కళ్లలో కుమ్మరిస్తే ఎట్లా తల్లీ?

తూరుపు తెల్లబడింది, తెలుపు ఎరుపైంది, ఎరుపు బంగారమై నీటి మీద బాట పరిచింది. వచ్చే అల వస్తోంది, విరిగే అల విరుగుతోంది, విరిగిన అల వెనక్కి పోతూ నా కాళ్ల కింది ఇసుకను కాస్త కాస్తగా లాగేస్తోంది. నేల కదలడమంటే ఏమిటో బండ మీద బతికినవాడికి అప్పుడు తెలిసింది. తట్టలో ఎండుచేపలు సర్దుకుంటున్న ఒక అమ్మ నా వాలకం చూసి నవ్వింది.

"ఏటి బాబూ అలా సూత్తన్నావు? సముద్రం ఎప్పుడూ సూడనేదా?"

"మాది సీమమ్మా. మా కాడ రాళ్లే."

"అయితే సూడు. ఎంత సూసినా తరగదు గంగమ్మ."

తరగలేదు.

ఎన్ని తెరచాపలకు ఎదురేగినావో, ఎన్ని నేత బట్టల మూటలను ఏడేడు కడళ్లకు సాగనంపినావో! 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వచ్చి నీ ఒడ్డున కొలువు తీరినారు, కోట కట్టుకున్నారు. 1825లో వాళ్లు పోయి ఇంగ్లీషువాళ్లకు నిన్ను అప్పజెప్పినారు. 1861 నాటికే నీకు మునిసిపాలిటీ! అయినా ఈ లెక్కలు నీకెందుకులే. వచ్చినవాళ్ల పాదాలనూ పోయినవాళ్ల పాదాలనూ ఒకే అలతో కడిగినదానివి. పోలేక నీ ఇసుకలోనే ఒరిగినవాళ్ల గోరీలు మాత్రం ఊళ్లో నిలిచినాయి, కూచిగా, పొడుగ్గా, పాచి పట్టి. ఒక పలక మీద వేలు పెట్టి రాసినాను. పొరలు పొరలుగా సున్నం రాలింది, గాడిలో సగం అక్షరం తగిలింది, మిగతా సగాన్ని ఉప్పుగాలి ఎప్పుడో చదివేసుకుపోయింది.

పావురాళ్లకొండ ఎక్కితే నువ్వు ఇంకో అందం. కింద నీలం, పైన నీలం, నడుమ తెల్లని నురగ గీత. ఒకనాడు బౌద్ధ భిక్షువులు మసలిన కొండ అది. వానచుక్క వృథాగా పోకుండా వాళ్లు రాతిలో తొలిచిన తొట్లు చూసి నా గుండె ఝల్లుమంది. ఎదుట అంతులేని నీరు ఉన్నా, తాగే నీటికి ఆకాశం వైపే చూసినారు. మాలాగే! ఆ కొండ మీదే నరసింహుడూ ఉన్నాడు. మా ఊరికి దగ్గర కొండల సందున మద్దిలేటి నరసింహుడు, నీ అలలకెదురుగా ఈ నరసింహుడు. అక్కడ ఎండకు మండే స్వామి, ఇక్కడ చల్లగాలికి సేదదీరే స్వామి.

నీ గోస్తని బొర్రా గుహల సున్నపురాతిని తడుపుకుంటూ వచ్చిన పిల్ల. మాకూ ఉన్నాయి గుహలు, బిల్లసర్గం గుహలు. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర తవ్వి పాతకాలపు జంతువుల ఎముకలు తీసిన చీకటి అరలు. అవీ సున్నపురాయే. ఆ సున్నపురాయి, మా ఇళ్ల కప్పుల మీది ఈ నాపబండ, నేల మీద ఇంకా ఏ ప్రాణీ నడవని కాలాన ఒక సముద్రం అడుగున పొర మీద పొర పేరుకున్న బురద. ఇటలీలో నేపుల్స్ పక్కన బాయా అనే ఊరుందట, రోమన్ చక్రవర్తులు విలాసానికి మేడలు కట్టుకున్న తీరం. నేల కుంగి ఆ మేడలు నీళ్ల కిందికి పోయినాయి. వాళ్ల ఊరు కడలిలోకి దిగింది, మా ఊరు కడలిలోంచి లేచింది. ఎవరి అదృష్టం ఎక్కువో నేను చెప్పను గానీ, నిన్ను చూసిన కళ్లతో మా బండను చూస్తే ఎక్కడో లోపల అల కొడుతుంది, భీమిలీ!

సీమవాళ్లారా, విశాఖ దాకా పోయి రామకృష్ణా బీచిలో ఫోటో దిగి తిరిగి రావద్దు. ఒడ్డు రోడ్డు పట్టుకుని ఉత్తరంగా పొండి, ఎర్రమట్టి దిబ్బలు దాటితే భీమిలి. డచ్చి గోరీల మీద మాత్రం ఎక్కి కూర్చోకండి, మిగిలిన అక్షరాలు చాలా తక్కువ.