నూరు గుఱ్ఱములు, ఏబది గుఱ్ఱములు

మా పోతనాళ చుట్టుపట్టుల క్యాంపులనబడు వలసరైతుల ఊళ్ళలో ట్రాక్టరును గూర్చి ప్రసంగము వచ్చినచో మొట్టమొదట వినవచ్చు ప్రశ్న "ఎన్ని హెచ్.పి.?" అన్నదే. తుంగభద్ర ఎడమకాలువకు నీరు వచ్చిన పిమ్మట కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి తరలివచ్చి, ఈ నల్లరేగడిని వరిమడులుగా మలచుకొన్న రైతుల సంతతికి ఆ ప్రశ్న సహజమే. అయితే దమ్ము చేయు మడిలో అధికబలము గల బరువు ట్రాక్టరు ఇరుసుల దాక దిగబడుటయు, దానికంటె తక్కువ బలము గల తేలికబండి కేజ్‌వీల్సు తగిలించుకొని అదే బురదలో అవలీలగా తిరుగుటయు ప్రతి సార్వాలోను చూచువారు వీరే. పొలములో ఇంతటి వివేకము గలవారు కారు కొనబోవునపుడు మాత్రము కాగితము మీది అశ్వశక్తి అంకెకు మోహపడుట నాకు ఎప్పటికిని వింతయే.

నేను చెప్పబూనినది పాత కార్లను గూర్చి. అందునను చిన్నవై, చురుకైనవై, తయారీ నిలిచిపోయి, కొందరి కంటికి తుక్కుగాను మరికొందరి కంటికి ఆస్తిగాను తోచు వయస్సున ఉన్నవాటిని గూర్చి. నాయొద్ద కార్బొరేటరు కాలపు మారుతీ జెన్ కలదు. 1993లో అది వెలువడినపుడు దాని 993 సి.సి. ఇంజను సాంతము అల్యూమినియముతో పోతపోసినదగుట మన బజారులో ఒక విశేషముగా చెప్పుకొనబడినది. దాని శక్తి 50 గుఱ్ఱములు, బరువు 800 కిలోలకు లోపు. మా మేనల్లుని యొద్ద ఉన్నది ఫియట్ పాలియో 1.6. 2001లో ఆ కారు వచ్చిన దినములలో సచిన్ టెండూల్కర్ దానికి ప్రచారకర్త. అతని సంతకముతో ఎస్-10 అను పరిమిత సంఖ్య గల రకమొకటి కూడ వెలువడినది. పదునాఱు వాల్వులు, 1596 సి.సి., నూరు గుఱ్ఱములు! అంకెలే ప్రమాణమైనచో ఈ రెంటికిని పోలికయే లేదు. నా కారును గొడ్లచావడిలో కట్టివేసి ఊరకుండవలసినదే.

కాని పోలిక కాగితము మీద జరుగదు, రోడ్డు మీద జరుగును. పోతనాళ నుండి సింధనూరు పోవు దారిలో ధాన్యపు బస్తాలు ఎత్తిన ట్రాక్టర్లు, వాటి వెనుక వరికోత యంత్రములు, వాటి సందున మోటారు సైకిళ్ళు, కాలువ వంతెనల యొద్ద హఠాత్తుగా వచ్చు వంపులు. ఆ దారిని మా వాడు బెంగుళూరులో కొనితెచ్చిన పాలియోయు నా జెన్నును ముందు వెనుకగా పోయినపుడు, ట్రాక్టరును దాటవలసి వచ్చిన ప్రతిచోటను అతడు రివ్వున దూసికొనిపోయెను, వంతెన వచ్చిన ప్రతిచోటను బ్రేకు మీద కాలు మోపి వెనుకబడెను. "మామయ్యా, బండి ముందు భాగం నా మాట వినట్లేదు. నేనొకటి తిప్పితే అదొకటి పోతోంది," అని సింధనూరులో దిగి మొఱపెట్టుకొనెను.

అచ్చటి మెకానిక్కు, ఉర్దూ కన్నడము తెలుగు కలగలిపి మాటలాడు యువకుడు, కారును జాకీ మీదికెత్తి, ముందుచక్రపు లోయరు ఆర్ముకును ఫ్రేముకును నడుమ సన్నని గడ్డపాఱ దూర్చి మెల్లగ ఎత్తెను. బయటి ఇనుప గొట్టమునకును లోపలి గొట్టమునకును నడుమ అతుకుకొని ఉండవలసిన రబ్బరు బుష్షు నెలవంకవలె విచ్చుకొని, అవతలి వెలుతురు కనబడినది. గడ్డపాఱను వదలగానే ఆర్ము టక్కున తన చోటికి వచ్చెను. అనగా బ్రేకు వేసిన ప్రతిసారియు చక్రము కొంత వెనుకకు జరుగుచు, వదలినపుడు ముందుకు వచ్చుచు, స్టీరింగు చెప్పినదానితో నిమిత్తము లేక తన దారి తాను చూచుకొనుచున్నదన్నమాట. "ఇంజన్ సూపర్ అన్నా, కాళ్ళే లేవు దీనికి," అని ఆ యువకుడు నవ్వెను. నూరు గుఱ్ఱముల శక్తియు ఆ అఱచేయి వెడల్పు రబ్బరు ముక్క గుండనే నేలకు దిగవలెను గదా. నా జెన్నుకు బుష్షులును షాకబ్జార్బర్లును క్రొత్తవి. దాని ఆధిక్యమంతయు అంతే.

కావున పాత కార్లను పోల్చుటయనగా, ఒకప్పుడు కర్మాగారము విడిచిపెట్టిన రెండు యంత్రములను పోల్చుట కాదు, ఇద్దరు యజమానుల అలవాట్లను పోల్చుట అని నా అభిప్రాయము. ఈ మాట మా మేనల్లునికి రుచింపదు. బుష్షులు మార్చిన తరువాత తన కారు వంపులలోను నాదానికి తీసిపోలేదని అతడు వాదించును. తిన్నని దారిలో నాల్గవ గేరునందు దాని ఊపు నా కారుకు ఏడేడు జన్మములకును రాదనుట నేనును అంగీకరింతును. క్యాంపు సందులలోను, బస్టాండు రద్దీలోను మాత్రము తేలికబండి సుఖమే వేఱు.

ఈ తేలికతనపు మహిమ క్రొత్తగా కనుగొన్నదేమియు కాదు. 1976లో జర్మనీవారు అమ్మకమునకు పెట్టిన గోల్ఫ్ జి.టి.ఐ.కి 110 గుఱ్ఱములే గాని బరువు 810 కిలోలు మాత్రమే. ఐరోపాలో చిన్నకారు పెద్దకారును తఱుముటను ఫ్యాషను చేసినవాటిలో అదియు ఒకటి. అంతదూరము పోనేల? మన బెంగుళూరులోనే సిపానీవారు 1982లో డాల్ఫిన్ అను కారును విడుదల చేసిరి. ఇంగ్లండులోని రిలయంట్ కిట్టెన్ నమూనా, ఫైబర్‌గ్లాసు ఒడలు, 848 సి.సి. అల్యూమినియపు ఇంజను. మద్రాసు సమీపమున పాత విమానాల బాటయైన షోళవరములోని పందెములందు ఆ చిట్టికారు మంచిపేరే గడించినది. కాని గృహస్థుల మన్ననను గడింపలేదు. దానికి రెండే తలుపులు. 1983 డిసెంబరులో మారుతి 800 నాలుగు తలుపులు తెఱచుకొని వచ్చినపుడు జనము అందులోనికి ఎక్కిరి. సిపానీవారు పిమ్మట మోంటానా పేరిట తలుపులు పెంచి చూచిరిగాని సమయము మించిపోయినది.

మనవారికి రెండు తలుపుల కారన్న ఎన్నడును పడదు. పెళ్ళికి పోవునపుడు ముసలమ్మను ముందు సీటు మడిచి వెనుకకు ఎట్లు ఎక్కించుట? గోవాలో తయారైన శాన్ స్టార్మ్ అను ఇద్దరి కారును, 2003లో మారుతివారు పరిమితముగా అమ్మిన మూడు తలుపుల జెన్ కార్బన్, స్టీల్ రకములను నేడు వెదకి వెదకి కొనువారు ఉన్నారుగాని, అవి వచ్చిన దినములలో మా క్యాంపులో ఎవరైనను కొనియున్నచో ఇంటిలో ఆడవారి నోట పడి ఉండెడివారు.

ఇక పోషణ సంగతి. "పాతదే గానీ తక్కువ తిరిగిన బండి" అన్నది మధ్యవర్తులు సదా పలుకు మాట. నాకు మాత్రము అది హెచ్చరికవలె వినబడును. రబ్బరు కిలోమీటర్లను లెక్కపెట్టదు, ఏండ్లను లెక్కపెట్టును. షెడ్డులో కదలక నిలిచిన కారులోను టైమింగు బెల్టు ఎండి బీటలువాఱును. పాలియో వంటి పదునాఱు వాల్వుల ఇంజనులో అది తెగినచో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగును, అటుపై మరమ్మతు ఖర్చు కారు వెలతో పోటీపడును. దీనికి తోడు మా ప్రాంతపు ఉపద్రవములు మాకున్నవి. కోతల కాలమున గాలిలో తేలు వరిపొట్టు ఎయిరు ఫిల్టరును మూయును, రేడియేటరు రెక్కల నడుమ పేరుకొనును. బోరునీరు పోయు అలవాటున్నచో లోపల సున్నపు పొర కట్టును. మే నెల ఎండలో ఈ రెండును కలిసి ఇంజను మరగినచో అల్యూమినియపు హెడ్డు వంగక మానదు. కావున రేడియేటరులో కూలెంటు తప్ప మరేదియు పోయరాదు. ఎలుకల మాట చెప్పనక్కఱలేదు. ధాన్యపు గిడ్డంగి ప్రక్కన నిలిపిన కారు వాటికి శీతకాలపు విడిది. వైర్ల తొడుగులును పెట్రోలు గొట్టములును వాటికి భక్ష్యములే. రాత్రి బానెట్టు ఎత్తియుంచుటయు, ఇంజను మూలల పొగాకు కాడలు పెట్టుటయు నేను అనుసరించు పద్ధతి. గుంటూరు బంధువులు ఉన్నందుకు ఇది యొక ప్రయోజనము.

విడిభాగముల విషయమున జెన్ అదృష్టవంతురాలు. సింధనూరు అంగళ్ళలోనే చాలవఱకు దొరకును. ఫియట్ సంస్థ మనదేశమున కార్ల తయారీని మానుకొనుటచే పాలియో యజమానికి బెంగుళూరు శివాజీనగరమో, మద్రాసు పుదుపేటయో, బొంబాయి కుర్లాయో శరణ్యము. పుదుపేటలో రెండు డోరు హ్యాండిళ్ళకై పోయినవాడు అవి తప్ప తక్కినవన్నియు కొనివచ్చుట మా ఇంట జరిగినదే.

ప్రభుత్వపు లెక్కలో ఈ కార్లు త్రిశంకు స్వర్గమున ఉన్నవి. పదునైదేండ్లు నిండిన కారు రిజిస్ట్రేషనును పునరుద్ధరించుటకు 600 రూపాయలుగా ఉండిన రుసుము 2022 ఏప్రిలులో 5000 అయినది. 2021 నాటి నియమముల ప్రకారము వింటేజి గౌరవము కావలెనన్న ఏబదేండ్లు నిండవలెను. నడుమనున్న ముప్పదియైదు ఏండ్లలో వాటికి ముసలితనపు పన్నేగాని పెద్దరికపు మర్యాద లేదు. ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరువది వంతులు ఇథనాలు కలియుచున్నది. చెఱకు, మొక్కజొన్న, నూకలు ఇంధనమగుట రైతుబిడ్డనైన నాకు సంతోషమేగాని, సమాన పరిమాణములో ఇథనాలుకు పెట్రోలు శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులే ఉండుటయు, అది గాలిలోని తేమను పీల్చుకొనుటయు, ఆ కాలపు రబ్బరు గొట్టములను మెత్తబఱచుటయు నా కార్బొరేటరుకు అంత సంతోషకరములు కావు. గొట్టములన్నిటిని నేటి ఇంధనమునకు తాళగల రకముతో మార్పించితిని. వారమునకొకసారియైనను కారును కదలించి టాంకులోని పెట్రోలు నిలువయుండకుండ చూచుచున్నాను.

ఇంతలో మేనల్లునికి మఱియొక ఆలోచన పుట్టినది. ప్రక్క క్యాంపులో 2005 నాటి స్విఫ్టు పెట్రోలు కారొకటి అమ్మకమునకు వచ్చినదట, 1298 సి.సి., 87 గుఱ్ఱములు, మన రెంటికిని నడుమ సరిగా కూర్చుండునని ఫోను చేసి ఉత్సాహముగా వివరించెను. "బాగా తక్కువ తిరిగిందంట మామయ్యా!" అని చివర చేర్చెను. ఆదివారము పోయి చూచుటకు ఒప్పుకొంటిని గాని, వచ్చునపుడు జాకీయు, సన్నని గడ్డపాఱయు డిక్కీలో వేసికొని రమ్మంటిని.