తగ్గిస్తే వినపడుతుంది

సినిమా మొదలైన పది నిమిషాలకల్లా రిమోట్ చేతిలోకి వస్తుంది. హీరోయిన్ తండ్రి ఏదో గొణుగుతాడు, వినపడదు, పెంచుతాం. ఆ వెంటనే సుమోలు గాల్లోకి లేస్తాయి, గూబ గుయ్యిమంటుంది, తగ్గిస్తాం. రెండున్నర గంటలూ ఇదే పని. చివరికి తప్పు సినిమాదనో స్పీకర్లదనో తీర్మానించుకుని, ఇంకాస్త పెద్ద సబ్ వూఫర్ కోసం కోఠీ గుజరాతీ గల్లీకి బయల్దేరతారు. అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో ఒక మామూలు ఫ్లాట్ హాల్లో హోమ్ థియేటర్ రిసీవర్‌ని సరిచేయడమంటే చాలావరకు తగ్గించడమేనని నా వాదన. బేస్ తగ్గించాలి, మాటలకీ పేలుళ్లకీ మధ్య ఎడం తగ్గించాలి, స్టేడియం, చర్చి అంటూ రిసీవర్ చూపించే మోడ్ల మీద మోజు తగ్గించుకోవాలి. పెంచాల్సింది ఒక్క సెంటర్ స్పీకర్‌ని, అదీ రెండు మూడు డెసిబెళ్లు. జావా నుంచి శాప్ దాకా ఏదైనా నెలన్నరలో నేర్పేసే మైత్రీవనం చుట్టుపక్కల ఈ కోర్సుకి మాత్రం ఇంకా బోర్డు కట్టలేదు కాబట్టి, కాస్త లెక్కలోకి దిగక తప్పదు.

సినిమా శబ్దాన్ని కలిపేది పెద్ద హాలుని దృష్టిలో పెట్టుకుని. 1986లో కృష్ణ 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రంగా ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ ధ్వనితో వచ్చింది. ఇప్పుడు పంజాగుట్టకి కూతవేటు దూరంలో, బంజారాహిల్స్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో డాల్బీ అట్మాస్ మిక్సింగ్ జరుగుతోంది. ఛానెళ్లు పెరిగాయి గానీ లెక్క హాలుదే. మిక్సింగ్ థియేటర్లో ఒక్కో ప్రధాన స్పీకర్‌ని 85 డెసిబెళ్ల దగ్గర నిలబెట్టి, ఆపైన 20 డెసిబెళ్లు ఖాళీ వదులుతారు. అంటే ఫైటింగులో ఒక్కో స్పీకర్ 105 దాకా, బేస్ ఎఫెక్టుల ఛానెల్ 115 దాకా వెళ్లొచ్చు. రిసీవర్ తెర మీద కనిపించే 0 డీబీ అంటే ఈ స్థాయే. 0 నుంచి 98 దాకా అంకెలు చూపించే డెనాన్ రిసీవర్లో అది 80. ఇంట్లో అంత ఎవరూ పెట్టరు. మైనస్ 20 దగ్గర పెట్టామనుకుందాం. పేలుడు ఒక్కో ప్రధాన స్పీకర్లో 85 దగ్గర ఆగుతుంది, బాగానే ఉంది. కానీ మాటలు సుమారు 55కి పడిపోతాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే దాదాపు 60 ఉంటుంది. అంటే తెర మీది మనిషి మన పక్కనున్న మనిషికన్నా మెల్లగా మాట్లాడుతున్నాడన్నమాట.

ఆ 55 పడే గది ఎలాంటిదో చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం వాణిజ్య ప్రాంతాల్లో పరిమితి పగలు 65, రాత్రి 55 డెసిబెళ్లు. శబ్దాన్ని కొలిచే కేంద్రం పంజాగుట్టలోనూ ఉంది. ఆ కూడలి ఈ అంకెల్లో ఒదుగుతుందని పందెం కాసే ధైర్యం ఎవరికుంటుంది? కిటికీ మూసినా ఫ్యాను తిరుగుతుంటుంది, వంటింట్లో ఫ్రిజ్ ఉంటుంది, కింద హారన్లు ఉంటాయి. నునుపైన టైల్స్ నేల మీద ప్రతి మాటా ఒకసారి తగిలి మళ్లీ చెవికి వస్తుంది. ఈ రొదలో ముందు మునిగేది హల్లులు. అచ్చుల్లో బలం ఎక్కువ, నిలబడతాయి. స, త, ప లాంటివాటిలో బలం తక్కువ, ఫ్యాను గాలికే కొట్టుకుపోతాయి. అందుకే తండ్రి ఏదో అన్నాడని తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు. సెంటర్ స్పీకర్‌ని రెండు మూడు డెసిబెళ్లు పెంచమనేది ఇందుకే. 5.1లో మాటల భారం దాదాపు అంతా దానిదే. టీవీ స్టాండు అరలో లోపలికి తోసేసిన సెంటర్‌ని అర అంచుదాకా లాగి, మూతిని చెవుల వైపు కొంచెం పైకెత్తితే సెట్టింగుల జోలికి వెళ్లకముందే సగం పని అయిపోతుంది.

రిసీవర్‌తో పాటు మైకు ఇచ్చారుగా, అడిసీ, వైపావో లాంటి ప్రోగ్రాములు అన్నీ అవే కొలుచుకుంటాయిగా అంటారు. కొలుస్తాయి, చాలా బాగా కొలుస్తాయి. ఒక్కో స్పీకర్ ఎంత దూరమో, ఎంత గట్టిగా మోగుతోందో, గది ఏ స్వరాన్ని ఉబ్బిస్తోందో టేపు పట్టుకున్న మనిషికన్నా నయంగా చెబుతాయి. సబ్ వూఫర్ పది అడుగుల్లో ఉంటే పదిహేను అని చూపించినా దిద్దకూడదు. వూఫర్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా అది దూరంగానే లెక్కగడుతుంది. ఫ్యాను ఆపి, తెల్లవారుజామున, మైకుని సోఫా వీపుకి ఆనించకుండా స్టాండు మీద పెట్టి కొలిస్తే ఫలితం నమ్మదగ్గదే. అయితే మైకు చెప్పేది గది సంగతి. రాత్రి పదకొండింటికి పై ఫ్లాట్లో పసిపాప నిద్రపోతోందని, మనం చూసేది మైనస్ 25 దగ్గరని దానికి తెలియదు. ముందున్న స్పీకర్లు కాస్త పెద్దవైతే వాటికి 'లార్జ్' అని ముద్ర వేసి బేస్ అంతా వాటికే అప్పగించేస్తుంది. దాన్ని 'స్మాల్'కి మార్చి క్రాసోవర్‌ని 80 హెర్ట్జ్ దగ్గర పెడితే ఆ స్పీకర్లు ఊపిరి పీల్చుకుంటాయి. థియేటర్ ధ్వనికి ప్రమాణాలు పెట్టిన టీహెచ్‌ఎక్స్ వాళ్లు సిఫార్సు చేసిందీ అదే అంకె.

బేస్ దగ్గర కొంచెం ఆగాలి. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 28 అడుగులు. మన హాలేమో పన్నెండడుగులు. ఎదురెదురు గోడల మధ్య పన్నెండడుగులుంటే 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఊగిసలాడుతూ నిలిచిపోతుంది. గోడకి ఆనించిన సోఫాలో అది గుమ్మున కొడుతుంది, గది మధ్యలో కుర్చీ వేసుకుంటే మాయమవుతుంది. గుమ్మున కొట్టేదాన్ని రిసీవర్ కోయగలదు, మాయమైనదాన్ని తేలేదు. దానికి వూఫర్ చోటు మార్చాల్సిందే. వూఫర్‌ని సోఫాలో మనం కూర్చునే చోట పెట్టి, ఒకే బేస్ పాట మళ్లీ మళ్లీ వేస్తూ, గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వినాలి. ఎక్కడ బేస్ సమంగా వినిపిస్తే అక్కడ వూఫర్ పెట్టాలి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇంకో చిక్కుంది. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేస్ మరీ తగ్గినట్టు తోస్తుందని 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. ఆ లోటు తీర్చుకోవడానికే జనం వూఫర్‌ని ఆరు డెసిబెళ్లు ఎక్కించి వదిలేస్తారు. శ్లాబు ఆపలేనిది సరిగ్గా ఆ శబ్దాన్నే. డైనమిక్ ఈక్యూ, వైపావో వాల్యూమ్ లాంటి సెట్టింగులు వాల్యూమ్ తగ్గినప్పుడే కొలత ప్రకారం బేస్ కలుపుతాయి కాబట్టి, స్థిరంగా ఎక్కించి ఉంచడం కన్నా అవి మేలు.

ఇక శుద్ధవాదుల అభ్యంతరం. మాటలకీ పేలుళ్లకీ మధ్య ఎడం తగ్గించే నైట్ మోడ్, డైనమిక్ రేంజ్ కంప్రెషన్ వేస్తే దర్శకుడు ఊహించిన శబ్దాన్ని చంపేసినట్టే అంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. గుసగుసకీ గర్జనకీ మధ్య దూరంలోనే సినిమా బిగువు ఉంటుంది, దాన్ని నొక్కేస్తే ఫైటు కూడా వార్తల్లా వినిపిస్తుంది. కానీ దర్శకుడు ఆ గుసగుస వినపడాలనే పెట్టాడు. అమీర్‌పేటలో పాత సత్యం థియేటర్ ఉన్నచోట 2023లో మొదలైన ఏఏఏ సినిమాస్ లాంటి హాల్లో దళసరి గోడలు ఆ దూరాన్ని కాపాడతాయి. మన గదిలో కింద నలభై అయిదు దాకా ఫ్యానే తినేస్తుంది, పైన ఎనభై అయిదు దాటితే పక్కింటివాళ్లు బెల్లు కొడతారు. ఆ నలభైలోనే సినిమా అంతా పట్టాలి. మృదంగ విద్వాంసుడు కూడా ఎడమవైపు తొప్పి మీద రవ్వ ముద్ద అద్దేది ఆనాటి గాత్రం శ్రుతికి, తనకి నచ్చిన శ్రుతికి కాదు. అయితే కంప్రెషన్‌ని 'హెవీ'లో పడేయక్కర్లేదు. పగలు తీసేసి, రాత్రి 'లైట్' లేదా 'మీడియం' పెడితే చాలు.

అన్నీ సరిచేశాక కూడా ఓటీటీ సినిమా ఆపి యూట్యూబ్ పాట పెడితే ఉలిక్కిపడతాం. రిసీవర్ పాపం ఏమీ లేదు. నెట్‌ఫ్లిక్స్ సినిమాలో మాటల సగటు స్థాయి మైనస్ 27 దగ్గర ఉండాలని అడుగుతుంది, యూట్యూబ్ గట్టి పాటల్ని మైనస్ 14కి దించుతుంది. రెండింటి మధ్య 13 డెసిబెళ్లు. యూట్యూబ్ చూసే డబ్బా వేరే హెచ్‌డీఎంఐకి తగిలించి ఉంటే, రిసీవర్లో ఆ ఒక్క ఇన్‌పుట్ స్థాయిని దించే సెట్టింగు ఉంటుంది. మెనూలో ఎక్కడో అడుగున ఉంటుంది, అందుకే దాని మొహం చూసినవాళ్లు తక్కువ.

ఈ చుట్టుపక్కల అద్దె అగ్రిమెంట్లు పదకొండు నెలలవి. ఎల్లారెడ్డిగూడలో ఖాళీ చేసి ద్వారకాపురిలో దిగేటప్పుడు టీవీని దుప్పట్లో చుడతారు, స్పీకర్లని అట్టపెట్టెల్లో సర్దుతారు, కొలిచే మైకు మాత్రం పాత ఇంటి అటకమీద ఉండిపోతుంది. కొత్త హాల్లో వైర్లు కలిపి నొక్కగానే రిసీవర్ మోగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సోఫా ఎంత దూరమో, ఏ గోడ గుమ్మంటుందో అన్నీ ఎల్లారెడ్డిగూడ లెక్కలే దాని జ్ఞాపకంలో ఉంటాయి.