రెండు యంత్రాలకూ ఒకే న్యాయం

ల్యాబులో పాత ఎనలైజర్ స్థానంలో కొత్తది వచ్చినప్పుడు, నిన్నటి షుగర్ రిపోర్టునూ రేపటి రిపోర్టునూ పక్కపక్కన పెట్టి చదవవచ్చో లేదో ముందు తేలాలి. అందుకు కనీసం 40 మంది రక్త నమూనాలను రెండు యంత్రాల మీదా నడుపుతారు. పాత విలువను అడ్డంగా, కొత్త విలువను నిలువుగా తీసుకుంటే గ్రాఫు మీద 40 చుక్కలు. వాటి గుండా ఏ గీత గీయాలి?

బడిలో నేర్పే కనిష్ట వర్గాల పద్ధతి అడ్డం కొలతలో తప్పే లేదనుకుని, దోషమంతా నిలువు కొలత మీద వేస్తుంది. పాత యంత్రమూ తప్పుతుంది కనుక గీత వాలు అసలు కంటే తక్కువగా వస్తుంది. డెమింగ్ పద్ధతి రెండు వైపులా దోషాన్ని ఒప్పుకుంటుంది గానీ, ఆ దోషాల నిష్పత్తిని ముందే చెప్పమంటుంది. 1983లో పాసింగ్, బాబ్లోక్ ప్రతిపాదించిన పద్ధతికి రెండు కొలతల దోషాల చెదురుబాటు పోల్చదగినంతగా ఉంటే చాలు. ఆ చెదురుబాటు ఫలానా ఆకారంలోనే ఉండాలన్న పట్టు లేదు.

పని ఇలా సాగుతుంది. ప్రతి రెండు చుక్కలనూ కలిపి వాలు లెక్కిస్తారు. 40 చుక్కలకు 780 వాలులు. వాటిని చిన్నది మొదలు పెద్దది దాకా వరుసలో పెట్టి నడిమిది తీసుకోవాలి. ఒక నమూనా పూర్తిగా చెడిపోయినా అది 39 వాలులనే తాకుతుంది. నడిమిది పెద్దగా కదలదు. ఇంతవరకూ 1950లో థైల్ చూపిన దారే.

అసలు పనితనం ఆ తర్వాతి మెట్టులో ఉంది. పాత యంత్రం 100, 102 చూపిన రెండు నమూనాలకు కొత్తది 103, 99 చూపిందనుకోండి. వాలు −2. యంత్రాలను తారుమారు చేస్తే ప్రతి వాలూ తలకిందులవుతుంది: 1.25 కాస్తా 0.8 అవుతుంది, −2 కాస్తా −0.5. ధన వాలుల వరుస చక్కగా తిరగబడుతుంది. కానీ అడుగున ఉన్న −2, పైకి చేరాల్సింది పోయి, −0.5గా మళ్లీ అడుగునే ఉంటుంది. ఏ యంత్రాన్ని అడ్డంగా పెట్టామన్న దాన్ని బట్టి ఫలితం మారితే అది న్యాయం కాదు.

అందుకని −1 కంటే తక్కువైన వాలులను, నిలువు గీతను దాటి అవతలికి ఒరిగినవిగా చూసి, వరుస చివర పైకి చేర్చారు. సరిగ్గా −1 ఉన్నవాటిని వదిలేశారు. −1 కంటే తక్కువైనవి 6 ఉంటే నడిమి స్థానం 6 మెట్లు పైకి జరుగుతుంది, అంతే. ఇప్పుడు యంత్రాలను తారుమారు చేస్తే వరుస మొత్తం తు.చ. తప్పకుండా తిరగబడుతుంది, నడుమ నిలిచే జతలు మారవు. ఎందుకు −1 దగ్గరే తెగ్గొట్టారు? రెండు యంత్రాలూ ఒకటే చెబితే వచ్చే 45 డిగ్రీల గీతకు అది సరిగ్గా లంబం. యంత్రాలను తారుమారు చేయడమంటే గ్రాఫును ఆ 45 డిగ్రీల గీత అద్దంలో చూడడమే; ఆ అద్దంలో మారకుండా కనిపించే దిశలు ఆ రెండే. ఒక్క చిన్న జరుపుడులో ఇంత జ్యామితి ఇమిడి ఉంది.

వాలు తేలాక, ప్రతి చుక్క నుంచీ అంతరఖండం (గీత నిలువు అక్షాన్ని తాకే చోటు) లెక్కించి వాటి నడిమిదీ తీసుకుంటారు. వాలుకు లెక్కించిన 95 శాతం విశ్వాస అంతరంలో 1, అంతరఖండానికి లెక్కించిన దానిలో 0 ఉంటే తేడా రుజువు కాలేదని అర్థం. అయితే నమూనాలన్నీ 90కీ 110కీ మధ్యే ఉంటే వాలు విశ్వాస అంతరం బాగా వెడల్పై, 1ని ఎలాగూ పట్టేస్తుంది. అందుకే అనుభవమున్న టెక్నీషియన్ తక్కువ షుగరు, బాగా ఎక్కువ షుగరు ఉన్న నమూనాలను రోజుల తరబడి ఏరి పెట్టుకుంటారు.