అసౌష్ఠవం లోపమేనా? లోహఫలకాల రోలింగ్ గణనకు తెలుగు పరిభాష

కీలకపదాలు: పరిభాష, సౌష్ఠవం, అనుకరణ, రేకుపని, పెంబర్తి

1. ఉపోద్ఘాతం

జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి రేకుపనికి ప్రసిద్ధి. రేకుపనిలో దెబ్బ ఒకటే అయినా, కింది ఆధారాన్ని బట్టి ఫలితం మారుతుంది. గట్టి దాగలిపై తేలికగా కొడితే దెబ్బ తగిలిన ముఖం ఎక్కువ సాగి వెలుపలికి ఉబ్బుతుంది. మెత్తని లక్కపై ఉంచి కొడితే రేకు లోపలికి దిగుతుంది. ముఖాల మధ్య ఈ తేడా పనివానికి సాధనమే. లోహపరిశ్రమలోని ఎసిమ్మెట్రిక్ రోలింగ్‌కూ ఇలాంటి తేడాయే ఆధారం. దాని కంప్యూటర్ సిమ్యులేషన్‌ను ‘అసౌష్ఠవ రోలింగ్ అనుకరణ’ అని అనువదిస్తే రెండు చోట్ల అర్థం దెబ్బతింటుంది.

2. అసౌష్ఠవం

సౌష్ఠవం గణితంలో స్థిరపడిన మాట. సాహిత్యంలో అది పొందికకు, అందానికి పేరు. అందుకే దాని వ్యతిరేకపదం లోపాన్ని స్ఫురింపజేస్తుంది. ఈ ప్రక్రియలో మాత్రం రెండు రోలర్ల వేగాన్నో వ్యాసాన్నో కావాలనే భిన్నంగా ఉంచుతారు. అప్పుడు రోలర్ల నడుమ కొంతమేర ఫలకం రెండు ముఖాలపై ఘర్షణ ఎదురెదురు దిశల్లో పనిచేస్తుంది. రోలర్లపై ఒత్తిడి తగ్గుతుంది. లోహరేణువులు సూక్ష్మమయ్యే వీలు కలుగుతుంది. ఫలకం కొస వంగడం దీనిలోని చిక్కు. గుణదోషాలు రెండూ ఉన్న ప్రక్రియకు దోషాన్ని మాత్రమే ధ్వనించే పేరు తగదు. కారణాన్ని చెప్పే ‘భిన్నవేగ రోలింగ్’, ‘భిన్నవ్యాస రోలింగ్’ అనే పేర్లు స్పష్టమైనవి.

3. అనుకరణ

1925లో వాన్ కార్మాన్ రూపొందించిన రోలింగ్ సిద్ధాంతం, ఫలకంలోని నిలువు తలాలు రోలింగ్‌లో నిలువుగానే ఉంటాయని భావించింది. అటువంటి ఊహలో మందం పొడవునా వచ్చే తేడాకు చోటు లేదు. పరిమిత మూలక పద్ధతి ఫలకాన్ని చిన్న ఖండాలుగా విభజించి ఆ తేడాను లెక్కిస్తుంది. అయినా ఘర్షణ గుణకాన్ని పరిశోధకుడే ఎంచుకోవాలి. మందం, తగ్గింపు శాతం మారితే ఫలకం వంగే దిశ కూడా తారుమారు కావచ్చు.

రసచర్చలో శంకుకుని అనుకరణవాదాన్ని భట్టతౌతుడు ఖండించాడు. దేనికి అనుకరణ అన్న ప్రశ్న ఇక్కడా ఎదురవుతుంది. ఇంకా రోలర్ల మధ్యకు రాని ఫలకం విషయంలో అనుకరించడానికి మూలమే లేదు. జరుగుతున్నది నిబంధనలకు లోబడిన అనుమానం. కనుక ‘నమూనా గణన’ అనడం సమంజసం.

4. ముగింపు

పరిభాష తప్పితే తెలుగులో చదివే విద్యార్థి తేడాను దోషంగా, గణనను వాస్తవంగా పొరబడతాడు. దెబ్బతో పాటు ఆధారాన్నీ గమనించే రేకుపనివాని విజ్ఞత పరిభాషాకర్తకూ అవసరం. మాట కూడా తాను నిలిచిన షరతును తెలపాలి.