పాత పనిముట్లమీది ముద్రలు

పాత పనిముట్లను సేకరించేవారు వాటిమీది ముద్రలనుబట్టి వయస్సును నిర్ణయిస్తూవుంటారు. పద్ధతి శాస్త్రీయమే. అయితే ముద్ర దేనిని చెబుతున్నదో, దేనిని చెప్పడం లేదో విచారించకుండానే తీర్పులు వెలువడుతున్నవి.

అమెరికాలో తయారైన స్టాన్లీ ఇనుప చిత్రికలు ఇందుకు మంచి ఉదాహరణ. కొన్నింటి దిమ్మమీద మూడు తేదీలు పోతలోనే వచ్చివుంటవి: 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19, 1910 ఏప్రిల్ 19. ఇవి పేటెంట్లు మంజూరైన తేదీలు. చిత్రిక తయారైన తేదీలు కావు. మొదటి తేదీ చదివి వస్తువు 1902 నాటిదనడం తొందరపాటు. చివరిది మాత్రమే ఒక హద్దు చూపుతుంది: ఆ దిమ్మ 1910 ఏప్రిల్‌కు ముందుది కాదు. ఎంత తరువాతిదో ఆ అంకెలలో లేదు.

ఆ లోటు తీర్చడానికే సేకరణకర్తలు చిత్రికలలోని మార్పులను వరుసపెట్టి రకాలుగా విభజించారు. మూడు తేదీలున్నది వారి లెక్కలో 11వ రకం, 1910–1918. ఎంతో ఓపికతో చేసిన పని. కాని ఆ పట్టిక కంపెనీ వేసినది కాదు. మిగిలిన వస్తువులను చూచి తరువాతివారు కూర్చినది. కార్ఖానాకు ఈ రకాల సంఖ్యలు తెలియవు. నిలువ ఉన్న పాత భాగాలను కొత్తవాటితో కలిపి బిగించేది.

బ్లేడుతో చిక్కు ఇంకా పెద్దది. గుండె బొమ్మలో ఎస్.డబ్ల్యు. అక్షరాలున్న ముద్ర, 1920లో స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ స్టాన్లీ వర్క్స్‌లో కలిసిన తరువాతిది. (గుండె బొమ్మ, అధ్యక్షుడుగా పనిచేసిన విలియం హార్ట్ పేరుమీద చమత్కారం.) అంతకు పదేళ్ల ముందటి దిమ్మలో ఈ బ్లేడు కనబడితే మోసమనుకోనక్కరలేదు, సానపట్టి సానపట్టి అరిగిపోయినదానిని వడ్రంగి మార్చివుంటాడు. అటువంటిదానికి ఒకే సంవత్సరం రాసి, అన్ని భాగాలూ మొదటివేనని హెచ్చు ధరకు అమ్మడమే తప్పు. దిమ్మకూ బ్లేడుకూ కాలాలు వేరువేరుగా రాస్తే కొనేవాడు నష్టపోడు. ఆ చిత్రిక ఎంతకాలం పనిలో ఉన్నదో కూడా కొంత తెలుస్తుంది.