ఆ చేతుల్లో పని లేదు

ఈ వారం ఒక ఉపన్యాసంలో పంతొమ్మిదో శతాబ్దపు పారిస్ ఫ్యాషన్ బొమ్మల్ని తెరమీద చూపిస్తూ, వక్త అన్నిటికీ ఒకటే అర్థం చెప్పుకుంటూ పోయారు: గుడారంలా పరుచుకున్న ఆ గౌను పంజరం, లోపలున్నది బందీ. నాకు ఒళ్లు మండింది. బొమ్మ గీసిన చెయ్యి ఎవరిదో అడక్కుండా బొమ్మకు అర్థం చెప్పకూడదని నేనెంతకాలంగా పోరుతున్నానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు.

ఆ గౌను కింద తొడిగే ఉక్కు తీగల చట్రం క్రినోలిన్‌కు పారిస్‌లో 1856లో పేటెంటు తీసుకున్నారు. అంతకుముందు గౌను గుండ్రంగా నిలబడాలంటే గంజి పెట్టిన లోపావడాలూ, గుర్రపు వెంట్రుకలతో నేసిన పావడాలూ ఒకదానిమీద ఒకటి కట్టుకోవాల్సిందే. చట్రం వచ్చాక ఆ బరువు తగ్గింది, కాళ్లు కదిలాయి. నిప్పంటుకుని ప్రాణాలు పోయిన మాటా నిజమే. అయినా ఆడవాళ్లు దాన్ని కోరి కొనుక్కున్నారు.

ఇక గీసినవాళ్లు. చిత్రకారుడు అలెగ్జాండ్ర్ కోలాన్ కూతుళ్లు ఎలోయీజ్, అనాయిస్, లోర్ ముగ్గురూ ఈ పనిలోనే బతికారు. వీళ్లలో అనాయిస్ టుడూజ్, భర్త పోయాక ఈ బొమ్మలతోనే పిల్లల్ని పెంచింది. కూతురు ఇసబెల్ కూడా తల్లి బాటే పట్టింది. అమెరికాలో గోడీస్ లేడీస్ బుక్ పత్రిక బొమ్మలకు రంగులద్దిందీ స్త్రీలే. ఆ రోజుల్లో ఒక్కో ప్రతికీ చేత్తోనే రంగు వెయ్యాలి. 1860లో మొదలైన లా మోడ్ ఇలుస్త్రే పత్రిక బొమ్మలతోపాటు ప్యాటర్న్ కాగితాలూ ఇచ్చేది, చదివినవాళ్లు ఇంట్లో కత్తిరించి కుట్టుకునేవాళ్లు. చిత్రకారుడు సెజాన్ ఆ పత్రిక బొమ్మను చూసి నూనెరంగుల్లో వేశాడు. ఆయన పేరు లోకమంతా ఎరుగును. ఆ అక్కచెల్లెళ్ల పేర్లు ఎందరికి తెలుసు?

ఇంతా అనుకుని ఇంటికొచ్చి, నా దగ్గరున్న అచ్చుల్లో అనాయిస్ బొమ్మలు మళ్లీ తీశాను. విసనకర్ర, పూలగుత్తి, గొడుగు, మహా అయితే ఒక ఉత్తరం. గ్లవ్స్ తొడిగిన ఆ చేతుల్లో కూలి తెచ్చే పని ఒక్కటీ లేదు. భార్య తీరిగ్గా ఉండటమే భర్త సంపదకు గుర్తని అప్పటి సంపన్న సమాజం నమ్మింది. పత్రికలు దాన్నే అమ్మాయి. పెన్సిలు పట్టి కుటుంబాన్ని నిలబెట్టిన మనిషి, అలాంటి తన చేతికి ఆ బొమ్మల్లో చోటివ్వలేకపోయింది. ఇచ్చి ఉంటే పత్రిక కొనేది కాదు.

కాబట్టి బందీతనం అన్న మాట నేనూ ఒప్పుకుంటున్నాను. దాన్ని గౌనులో వెతకడమే పొరపాటు, చూడాల్సింది ఆ చేతుల్ని. ఇలాంటి బొమ్మ ఎక్కడైనా కంటబడితే, దుస్తులు చూశాక కింది అంచున సంతకం కూడా చదవండి.