యారాడ కొండెక్కే టర్బోకి ఏ మానిఫోల్డ్?

విశాఖలో సింధియా వైపు నుంచి యారాడ కొండెక్కే ఘాట్ రోడ్డులో ఇంజిన్‌కి ఊపిరి సలపదు. మలుపులో వేగం తగ్గుతుంది, రెండో గేరు పడుతుంది, ఆర్‌పీఎం దిగిపోతుంది. మలుపు తిరిగీ తిరగగానే మళ్లీ ఎత్తు. టర్బో కారుకి పికప్ కావలసింది సరిగ్గా అప్పుడే. ఆ పికప్ అందాలా, ఆలస్యమవ్వాలా అన్నది టర్బో ఒక్కటే తేల్చదు. ఇంజిన్‌కీ టర్బోకీ మధ్య ఉండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి అందులో పెద్ద వాటా ఉంది. కార్లకు పదును పెట్టించుకునే కుర్రాళ్లు టర్బో సైజు మీద గంటలకొద్దీ వాదించుకుంటారు. మానిఫోల్డ్ దగ్గరికి వచ్చేసరికి ఏది బాగా మెరిస్తే దాన్ని కొనేస్తారు. నష్టమంతా అక్కడే మొదలవుతుంది.

పెట్రోల్ టర్బో ఇంజిన్ గట్టిగా లాగుతున్నప్పుడు పొగ వేడి 900 డిగ్రీలు దాటుతుంది. ఆ పొగ ధారలా రాదు, సిలిండర్ తర్వాత సిలిండర్ నుంచి దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక్కో దెబ్బలోని వేడినీ వేగాన్నీ పోగొట్టకుండా టర్బైన్ చక్రానికి చేర్చడం మానిఫోల్డ్ మొదటి పని. ఒక సిలిండర్ పొగ ఇంకో సిలిండర్‌కి ఎదురు తన్నకుండా చూడటం రెండోది. ఆ వేడిలోనే టర్బో బరువును మోయడం మూడోది.

టర్బో విద్యకు ఓడలతో పాత చుట్టరికం ఉంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో టర్బో ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. 1920ల్లో ‘ప్రాయిసెన్’, ‘హన్జెస్టాట్ డాన్జిగ్’ అనే రెండు జర్మన్ ఓడల డీజిల్ ఇంజిన్లకు టర్బో బిగిస్తే, 1750 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ 2500 ఇచ్చింది. పొగ గొట్టాలను జట్లుగా విడదీసి, దెబ్బల బలం చెడకుండా టర్బైన్‌కి అందించడం కూడా బూషి చూపిన దారే. నేడు పొగకు రెండు దారులుండే ట్విన్ స్క్రోల్ టర్బోలో నడుస్తున్నది ఆ సూత్రమే. నాలుగు సిలిండర్లు 1-3-4-2 వరుసలో పేలే ఇంజిన్‌లో 1, 4 ఒక జట్టు, 2, 3 ఇంకో జట్టు. ఈ జత తప్పితే ట్విన్ స్క్రోల్ టర్బో కొన్నా ఫలితం దక్కదు.

బజారులో దొరికే మానిఫోల్డులు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది పోత మానిఫోల్డ్. సిలికాన్, మాలిబ్డినం కలిపిన పోత ఇనుముతోనో, నికెల్ ఎక్కువున్న పోత ఇనుముతోనో చేస్తారు. బరువెక్కువ, చూపులకు మొరటు, కానీ ఏళ్ల తరబడి పగలదు. రెండోది లాగ్ రకం. ఒకే లావాటి గొట్టంలోకి నాలుగు పోర్టులూ కలుస్తాయి. పొట్టిగా ఉంటుంది కాబట్టి వేడి పోదు, బూస్ట్ త్వరగా పుంజుకుంటుంది. పై ఆర్‌పీఎంలో మాత్రం పొగలు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. మూడోది నాలుగు గొట్టాలనూ సమాన పొడవుతో వంచి చేసే ట్యూబులర్ రకం. ఆర్‌పీఎం పైకి పోయేకొద్దీ దీని బలం తెలుస్తుంది. కోయంబత్తూరు, చెన్నై రేస్ ట్రాకుల మీద ఇంజిన్ ఎప్పుడూ పై ఆర్‌పీఎంలోనే ఉంటుంది కాబట్టి అక్కడ దానికి విలువ. అదే కారును యారాడ కొండలాంటి ఎత్తులో నెమ్మదిగా ఎక్కిస్తే పొడుగాటి గొట్టాల్లో వేడి పోతుంది, టర్బో ఆలస్యంగా మేలుకుంటుంది. అందుకే కొండ దారికీ ఊళ్లో తిరుగుడికీ పొట్టి పోత మానిఫోల్డే మేలని నా తీర్పు.

లోహం సంగతి ఇంకా లోతైంది. అర మీటరు స్టెయిన్‌లెస్ గొట్టం 700 డిగ్రీలు వేడెక్కితే 6 మి.మీ. దాకా సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే వెల్డింగ్ పక్కనే బీట పడుతుంది. మామూలుగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ చాలా పనులకు సరిపోతుంది. ఎక్కువసేపు కాలితే అందులోని కార్బన్ క్రోమియాన్ని పట్టుకుని లోహాన్ని బలహీనపరుస్తుంది. 321 రకంలో టైటానియం ఉంటుంది, కార్బన్‌ని అదే పట్టేసుకుంటుంది కాబట్టి క్రోమియం నిలుస్తుంది. రేసు పనికి 321 అడగడం అందుకే. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి వచ్చేవి కడ్డీలు, వైర్ రాడ్లు. స్టెయిన్‌లెస్ మనకు సేలం, ఒడిశాలోని జాజ్‌పూర్ లాంటి చోట్ల తయారవుతుంది. పల్చటి రేకు గొట్టం వద్దు. షెడ్యూల్ 10 పైపు, అంటే ఒకటిన్నర అంగుళాల సైజులో 2.77 మి.మీ. మందం ఉన్నది అడగాలి.

విశాఖకు అసలు బలం వెల్డింగ్‌లో ఉంది. స్వతంత్ర భారతంలో తొలి ఓడ ‘జల ఉష’ 1948లో జలప్రవేశం చేసింది ఇక్కడి షిప్‌యార్డు నుంచే. షిప్‌యార్డులో, రిఫైనరీలో, ఉక్కు కర్మాగారంలో పైపు వెల్డింగ్ చేసిన చేతులు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. ఒత్తిడి మోసే పైపును ఎక్స్‌రే తీసి పరీక్షించే పనిలో వాళ్లు నేర్చినది ఒకటుంది: అతుకు బలం బయట కనిపించే గీతలో ఉండదు, లోపలి రూట్‌లో ఉంటుంది. స్టెయిన్‌లెస్‌ని ఆర్గాన్ వెల్డింగ్ చేసేటప్పుడు మంచి వెల్డర్ ముందు గొట్టం రెండు కొసలూ టేపుతో మూసి, సన్నటి ట్యూబుతో లోపలికీ ఆర్గాన్ వదులుతాడు. గాలంతా బయటికి పోయాకే ఆర్క్ కొడతాడు. దీన్నే పర్జింగ్ అంటారు. అలా చేసిన అతుకు లోపలివైపు నున్నగా, ఎండుగడ్డి రంగులో కనిపిస్తుంది. పర్జింగ్ ఎగ్గొడితే అక్కడ నల్లగా, గరుకుగా, పొక్కులు పొక్కులుగా పెచ్చు కడుతుంది. పగులు పుట్టేది అక్కడే. ఊడిన పెచ్చు నిమిషానికి లక్షన్నర చుట్లు తిరిగే టర్బైన్ రెక్కలకు తగిలిందంటే టర్బో పోయినట్టే.

కాబట్టి డబ్బివ్వకముందే టార్చి తీసుకుని ప్రతి పోర్టులోకీ వెలుతురు కొట్టి చూడండి. ఇంజిన్‌కి ఆనే ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టండి, కింద సందు కనిపిస్తే వెల్డింగ్ వేడికి వంగిందన్నమాట. ఫ్లాంజ్ మందం 10 మి.మీ.కి తగ్గకూడదు, వెల్డింగ్ అయ్యాక మళ్లీ మిషన్ మీద చదును చేసి ఉండాలి. చివరి స్టడ్ రంధ్రాలు కాస్త వదులుగా ఉన్నాయా చూడండి, లోహం సాగేది అటువైపే. అదనపు పొగను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్ గొట్టం పొగ దారికి ఏటవాలుగా కలవాలి. అడ్డంగా అతికిస్తే పొగ అందులోకి సరిగా మళ్లదు, బూస్ట్ అదుపు తప్పుతుంది. టర్బో బరువంతా గొట్టాల మీద వేయకుండా ఇంజిన్ బ్లాకు నుంచి ఒక ఆసరా పెట్టించండి.

సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊరు మనది. మైల్డ్ స్టీలు మానిఫోల్డ్ ఇక్కడ తొందరగా తుప్పు పడుతుంది. దాని మీద హీట్ ర్యాప్ చుడితే తేమ లోపలే నిలిచి ఇంకా పాడవుతుంది. ర్యాప్ కన్నా సెరామిక్ పూత నయం.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే ఖరారు చేసింది. కాబట్టి రోడ్డు మీద తిరిగే కారులో కంపెనీ ఇచ్చిన మానిఫోల్డే ఉండాలి, ఈ మార్పులు ట్రాకు మీద పోటీకి దిగే కార్లకే. యారాడ ఘాట్ రోడ్డు ఊరి జనం నడిచే దారి, రేసులకు చోటు కాదు. పైగా స్లావియా, వర్టస్ లాంటి కార్ల టీఎస్ఐ ఇంజిన్లలో మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది. అక్కడ విడిగా మార్చడానికి ఏమీ లేదు. ముందు మీ ఇంజిన్ ఏదో తెలుసుకోండి.

పోటీ కారు కట్టాలనుకునే తమ్ముళ్లకు నేను చెప్పేదొక్కటే. డబ్బా మీది బొమ్మ చూసి ఆర్డరు పెట్టే ముందు, పైపు వెల్డింగ్‌లో తల పండిన ఒక మేస్త్రిని కలవండి. కొనాలనుకున్న మానిఫోల్డ్‌ని ఆయన చేతికిచ్చి లోపలి అతుకులు చూడమనండి. ఆయన వద్దంటే వదిలేయండి. సరేనంటే ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.